పిల్లల కంచం పక్కనే మీ కంచం

పరీక్షల కాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో రాత్రిళ్లు బాదం పప్పులు నానుతుంటాయి. బెండకాయ తింటే లెక్కలు బాగా వస్తాయని చెప్పి పిల్లల చేత ఇంకో నాలుగు ముక్కలు తినిపిస్తారు. సరస్వతి ఆకు లేహ్యం కోసం ఆయుర్వేద దుకాణాలకు వెళ్లేవారూ ఉన్నారు. బిడ్డ చదివింది గుర్తుండాలన్న ఆరాటమే ఇదంతా. బెండకాయ మంచి కూర, బాదం మంచి గింజ, పెట్టండి. కానీ అదే పూట పిల్లలకు, అత్తమామలకు, భర్తకు వడ్డించి ఆఖర్న మీరు కూర్చునేసరికి మీ కంచంలో ఏం పడుతోందమ్మా? గిన్నె అడుగున మిగిలిన కూర, ఓ ఆవకాయ బద్ద, ఇంత మజ్జిగన్నం. అయ్యల సంగతి వేరేగా ఉంటుంది: మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం, సాయంత్రం టీతో మిర్చి బజ్జీ. పిల్లల జ్ఞాపకశక్తి గురించి ఇంత ఆలోచించే మీరు మీ మెదడు గురించి కూడా కాస్త ఆలోచించాలని ఇది రాస్తున్నాను.

జ్ఞాపకశక్తిని, ఆలోచనను దెబ్బతీసే డిమెన్షియా సాధారణంగా అరవై ఐదుకో డెబ్బైకో బయటపడుతుంది. మెదడులో మార్పులు మాత్రం అంతకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతాయి. అంటే ఇంట్లో టెన్త్, ఇంటర్ చదివే పిల్లలున్న వయసులో. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మగవారికంటే ఆడవారిలో, పట్టణాలకంటే పల్లెల్లో ఇది ఎక్కువ. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో ఒక లెక్క చెప్పింది: మనం మార్చుకోగలిగిన 14 కారణాలను సరిదిద్దుకుంటే ప్రపంచంలోని డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వెనక్కి నెట్టడమో వీలవుతుంది. ఆ పద్నాలుగింటిలో బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం ఉన్నాయి. నాలుగింటికీ వంటింటితో సంబంధం ఉంది.

మెదడు మన బరువులో రెండు శాతమే. అయినా గుండె పంపే రక్తంలో సుమారు ఆరో వంతు దానికే కావాలి. ఆ రక్తాన్ని మోసే సన్నటి నాళాలు ఏళ్ల తరబడి బీపీకి, షుగరుకు గురైతే గట్టిపడి, పూడుకుపోతాయి. ఆకుకూరలు, పప్పులు, గింజలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యాలు మెదడుకు మేలు చేసేది ప్రధానంగా ఈ నాళాలను కాపాడటం ద్వారానే. ఏ ఒక్క ఆకుకో, గింజకో ప్రత్యేకంగా తెలివిని పెంచే శక్తి ఉందని నేను చెప్పను.

షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్లపాటు పనిచేశారు. ఆమె బృందం సగటున 81 ఏళ్ల వయసున్న 960 మందిని దాదాపు ఐదేళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించింది. రోజూ ఆకుకూర తినేవారి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి, దాదాపు తిననివారితో పోలిస్తే నెమ్మదిగా తగ్గాయని, ఆ తేడా పదకొండేళ్లు చిన్నవారై ఉండటంతో సమానమని తేలింది. ఆకుకూరలు, గింజలు, బెర్రీలు, చిక్కుళ్లు, చేపలతో ఆమె రూపొందించిన ఆహార విధానానికి ‘మైండ్ డైట్’ అని పేరు. దాన్ని బాగా పాటించినవారిలో అల్జీమర్స్ అనే డిమెన్షియా రకం 53 శాతం తక్కువగా కనిపించిందని 2015లో వచ్చిన పరిశోధన చెప్పింది. అయితే ఇదే ఆహారాన్ని 604 మంది మీద మూడేళ్లు పరీక్షించి చూసినప్పుడు, 2023లో వచ్చిన ఫలితం అంత గొప్పగా లేదు. మైండ్ డైట్ తిన్నవారూ, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవారూ, రెండు జట్లూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటిదే చెప్పి ఆశపెట్టడం నాకిష్టం లేదు. ఆకుకూరలు ఎక్కువ తినేవారు నడవడం, పొగతాగకపోవడం వంటి మంచి అలవాట్లు కూడా ఉన్నవారై ఉండొచ్చు. పైగా వయసు మళ్లాక మూడేళ్లు తిండి మార్చడం వేరు, ముప్పై ఏళ్లు అలా తినడం వేరు. ఫిన్లాండులో 1,260 మంది పెద్దవాళ్లకు మంచి తిండితో పాటు వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల మీద నిఘా అన్నీ కలిపి రెండేళ్లు నడిపితే వారి ఆలోచనాశక్తి మెరుగైందని 2015లో తేలింది. తిండి ఒక్కటే అన్నీ చేసిపెట్టదు, అది లేకుండా మిగతావీ నిలబడవు అని నాకు అర్థమైంది.

మాంసం ముట్టం కాబట్టి మాది మంచి తిండే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పాలిష్ పట్టిన తెల్లన్నం, మైదా పరోటా, చిప్స్, పంచదార, నూనెలో వేగిన బజ్జీ, ఇవన్నీ మొక్కల నుంచి వచ్చినవే కదా! మన కంచంలో ఇబ్బందల్లా అన్నం కొండంత, కూర గోరంత ఉండటం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2024 నాటి మార్గదర్శకాలు కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లకే ఇవ్వమంటున్నాయి. ఒక్కసారిగా అంత మార్పు రాదు. ముందు అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటు పప్పుతో, కూరతో నింపండి.

మనకు కొత్తగా నేర్చుకోవాల్సిన వంట పెద్దగా లేదు. తోటకూర పప్పు, పాలకూర పప్పు, గోంగూర పప్పు, బచ్చలి, పొన్నగంటి, మునగాకు వేపుడు: ఆకునూ పప్పునూ కలిపి వండే ఈ పద్ధతి మనకు అలవాటైనదే. వారంలో ఐదారు రోజులు ఏదో ఒక ఆకుకూర పొయ్యి మీదికెక్కితే చాలు. సాయంత్రం బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లో, ఉడికించిన అలసందలో. పొద్దున ఇడ్లీకి బదులు కొన్ని రోజులు పెసరట్టు. బాదం కొనే స్తోమత లేదని బాధపడకండి, గుప్పెడు పల్లీలు మంచి గింజలే. తెలంగాణ ఇళ్లలో చేసే అవిసె గింజల కారప్పొడి వారానికి నాలుగు రోజులు అన్నంలో కలుపుకోండి, దాన్లో ఒమేగా-3 కొవ్వు ఉంది. చేపలు తినేవాళ్లు వారానికి ఒకసారి తింటే ఇంకా మంచిది. అవిసెలోని ఒమేగా-3 మెదడుకు కావలసిన రూపంలోకి మారేది కొద్దిగానే. చేపలో అది నేరుగా దొరుకుతుంది. అమెరికా నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ ఎక్కువ తిన్న మహిళల్లో మతిమరుపు నెమ్మదిగా వచ్చినట్టు కనిపించింది. బ్లూబెర్రీకి ఆ నీలం రంగునిచ్చే పదార్థాలే మన నేరేడు పండులోనూ ఉన్నాయి. నేరేడు కాసే రోజుల్లో పిల్లలతో కలిసి మీరూ నాలుక నల్లబడేలా తినండి.

ఆవకాయ మానేయమని నేను అనను, ఏ తెలుగువాడూ అనలేడు. అది కూర పక్కన ఉండాలే గానీ కూర స్థానంలో రాకూడదు. రోజుకు మొత్తం ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక టీ చెంచా, మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ ఒకే కంచంలో చేరితే ఆ లెక్క దాటడానికి ఎంతోసేపు పట్టదు. నడివయసులో వచ్చే బీపీ మెదడుకు చేసే చెరుపు గురించి పైన చెప్పాను.

ఇక పిల్లలు. వాళ్ల చదువుకు అడ్డంపడేది తరచుగా రక్తహీనత. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు చిన్నారుల్లో తెలంగాణలో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి అది ఉన్నట్టు తేలింది. ఇనుము తక్కువైన బిడ్డ అలసిపోతుంది, ధ్యాస నిలవదు, మనం సోమరితనం అని తిడతాం. ఈడొచ్చిన ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ, అందుకే పప్పులో నిమ్మకాయ పిండండి, పక్కన జామకాయ ముక్కో ఉసిరికాయో పెట్టండి. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు. గుడ్డు తినే ఇల్లయితే రోజూ ఒకటి పెట్టండి. లేహ్యాలు, పొడులు డాక్టరును అడగకుండా కొనకండి. తోటకూర ముద్దను పిల్లలు మొదటిసారి ఉమ్మేస్తే అదీ సహజమే. నాన్న కంచంలో రోజూ కనిపించే కూర కొన్నాళ్లకు వాళ్లకీ అలవాటవుతుంది, నాన్న తినని కూర మాత్రం ఎంత బుజ్జగించినా వాళ్లు తినరు.

ఒక్క విషయంలో మొక్కల తిండి మనల్ని ఆదుకోలేదు. అది విటమిన్ బి12. ఏ ఆకులోనూ, పప్పులోనూ, గింజలోనూ అది నమ్మదగినంత ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచే రావాలి. అది తగ్గితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, నీరసం వస్తుంది, మతిమరుపు వస్తుంది. తొందరగా కనిపెడితే మాత్రలతోనో, ఇంజెక్షన్లతోనో చాలావరకు బాగవుతుంది, ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం మిగిలిపోతుంది. అమెరికాలోనో ఇంకెక్కడో చదువుకుంటూ పాలు, పెరుగు కూడా మానేసిన అమ్మాయో అబ్బాయో మీకుంటే ఆ నిర్ణయంతో పోట్లాడకండి. బి12 మాత్ర మాత్రం తప్పకూడదని చెప్పండి. ఇంట్లో అమ్మమ్మ అడిగిందే అడుగుతుంటే, తాతయ్య తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోతుంటే పెద్దతనం అని వదిలేయకుండా బి12, థైరాయిడ్ రెండూ చూపించండి. మీలో ఎవరైనా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు మాత్రలు ఏళ్లుగా వాడుతుంటే అవి కూడా బి12ను తగ్గిస్తాయి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పరీక్ష రాయమని మీరే అడగండి.