వారానికి ఒక పలకరింపు



వార్డు నుండి ఇంటికి వెళ్ళే ప్రతివారికీ "మాత్రలు మానవద్దు" అని చెప్పి పంపుతాము. తల ఊపి వెళతారు. కొన్ని నెలలకు మానేసి వస్తారు. "ఎందుకు ఆపావమ్మా?" అంటే, "వాంతులయ్యాయి సిస్టర్‌గారూ, ఎవరినడగాలో తెలియలేదు" అన్నవారు నా సర్వీసులో ఎందరో ఉన్నారు.

హెచ్.ఐ.వి. మందుల విషయంలో ఇది మరీ ప్రమాదం. మాత్రలు తప్పితే వైరస్ తిరిగి పెరుగుతుంది, ఆ మందులకు లొంగకుండా మారవచ్చు కూడా. అందుచేత ఈ నెల పాఠంగా కెన్యాలో జరిగిన ఒక పరిశోధన తెలుసుకుందాము.

ఏమి చేశారు?

డాక్టర్ రిచర్డ్ లెస్టర్, కెన్యా, కెనడా దేశాల విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2007లో మూడు క్లినిక్‌లలో ఈ పని మొదలుపెట్టారు. వాటిలో ఒకటి కాప్టిక్ మిషన్ వారిది. కొత్తగా మందులు మొదలుపెట్టిన 538 మందిని చీటీలు వేసినట్లు రెండు గుంపులు చేశారు. 265 మందికి మామూలు వైద్యమే. మిగిలిన 273 మందికి అదనంగా వారానికొకసారి సెల్‌ఫోనుకు ఒక మెసేజి: "మాంబో?" స్వాహిలిలో "ఎలా ఉన్నావు?" అని అర్థం. బాగుంటే "సావా", ఇబ్బంది ఉంటే "షీదా" అని 48 గంటల్లో జవాబివ్వాలి. "షీదా" అన్నవారికీ, జవాబివ్వనివారికీ క్లినిక్ సిబ్బంది ఫోను చేసి మాట్లాడేవారు.

మెసేజిలో జబ్బు పేరు గాని, మందు పేరు గాని లేదు. ఫోను ఇంట్లో ఎవరి చేతిలో పడినా గుట్టు బయటపడదు.

ఫలితమేమిటి?

2010లో లాన్సెట్ పత్రికలో వివరాలు వచ్చాయి. మందులు సరిగా వాడామని చెప్పినవారు మెసేజి గుంపులో 62 శాతం, రెండో గుంపులో 50 శాతం. రక్తంలో వైరస్ అదుపులోకి వచ్చినవారు 57 శాతం, 48 శాతం.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. అదే పద్ధతిని నైరోబి పేటలలో కొత్తగా హెచ్.ఐ.వి. తెలిసిన 700 మందితో పరీక్షించగా, ఏడాది తరువాత వైద్యంలో నిలిచినవారి సంఖ్య పెరగలేదని 2018లో తేలింది. ఫోను ఉన్నంత మాత్రాన అన్ని అడ్డంకులూ తొలగిపోవు.

మనము నేర్చుకోవలసినవి

1. "మందు వేసుకున్నావా?" అని గద్దించడం కాదు, "ఎలా ఉన్నావు?" అని అడగాలి. అప్పుడే కష్టం బయటికి వస్తుంది.
2. జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే. అలాంటివారికి ముందుగా ఫోను చేయండి.
3. ఫోను ఎవరి దగ్గర ఉంటుందో రోగిని అడిగి, అనుమతి తీసుకున్నాకే మెసేజి పంపండి. జబ్బు పేరు రాయకండి.
4. రోగులారా, మందు పడకపోతే మీరే ఆపవద్దు. సిగ్గుపడక మాకు చెప్పండి. వేరే మందు ఉండవచ్చు.

మీ ఇంట్లో రోజూ మాత్రలు వేసుకునేవారు ఉంటే, ఈ వారం ఒక్కసారి ఆ మాట అడిగి చూడండి.