మన ఊరికి ఓటు ఎంత దూరం?

మన బడిలో 8వ తరగతి గది గుమ్మం పక్కన గోడ మీద ఒక నంబరు రాసి ఉంది. రోజూ ఆ గుమ్మంలోంచే పోతాం, వస్తాం గాని దాన్ని ఎవరూ చదవరు. అది పోలింగ్ కేంద్రం నంబరు. దాని కింద ఏయే ఊళ్ళవాళ్ళు అక్కడ ఓటు వెయ్యాలో కూడా రాసి ఉంది. ఓట్లప్పుడు మన బెంచీలు వరండాలో పెట్టి, ఆ గదిలో ఓటు మిషను పెడతారు.

18 ఏళ్ళు నిండితే ఓటు వస్తుందని సాంఘికశాస్త్రంలో చదువుకున్నాం. 1989 దాకా అది 21 ఏళ్ళు. 61వ రాజ్యాంగ సవరణతో 18 అయింది. ఇదంతా పరీక్షలో అడుగుతారు కాబట్టి మనకి నోటికి వచ్చు. కాని ఓటు వేసే చోటు ఎక్కడ ఉండాలి? దాన్ని ఎవరు నిర్ణయిస్తారు? దూరం అయితే ఎవరికి చెప్పుకోవాలి? కొండ మీది ఊళ్ళవాళ్ళకి ఇవే ముఖ్యం. మా ఊరికి బూతు గెడ్డ అవతల ఉంది. అందుకని నేను ఈ సంగతి చదివి, సార్లని అడిగి, తెలిసినంత రాస్తున్నాను.

ఎవరు నిర్ణయిస్తారు?

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షను ప్రకారం పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేసేది జిల్లా ఎన్నికల అధికారి. అంటే మన కలెక్టరు గారే. అయితే ఆయన ఒక్కరే ఖాయం చెయ్యరు. ముందుగా ఎన్నికల సంఘం ఆమోదం ఉండాలి. ఏ కేంద్రానికి ఏ ఊళ్ళు వస్తాయో జాబితా వేసి అందరికీ తెలిసేటట్టు ప్రకటించాలి.

ఆ జాబితా ఒక్కసారి రాసి ఊరుకునేది కాదు. ఓటర్ల జాబితా సవరించే ముందు కేంద్రాలను కూడా మళ్ళీ పరిశీలిస్తారు. అధికారులు భవనాలు చూస్తారు. ముసాయిదా జాబితా ప్రకటిస్తారు. పార్టీల వాళ్ళని పిలిచి మాట్లాడతారు. ప్రజల అభ్యంతరాలు తీసుకుంటారు. తరువాతే అది ఎన్నికల సంఘానికి పోతుంది. ముసాయిదా అంటే ఇంకా ఖాయం కానిది, మార్చడానికి వీలున్నది అని అర్థం. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

నియమాలు ఏమంటున్నాయి?

1. ఏ ఓటరూ 2 కి.మీ. కంటె ఎక్కువ ప్రయాణం చెయ్యవలసిన అవసరం రాకుండా కేంద్రం ఉండాలి. ఇది మామూలు నియమం.

2. ఒక కేంద్రానికి ఓటర్లు మరీ ఎక్కువ ఉండకూడదు. ఇంతకుముందు 1500 దాకా ఉండవచ్చు అనేవారు. 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1200కు తగ్గించింది.

3. సాధ్యమైనంత వరకు సర్కారు భవనంలో పెట్టాలి. అందుకే బడులే ఎక్కువగా పోలింగ్ కేంద్రాలు. గది కింది అంతస్తులో ఉండాలి.

4. పోలీసు స్టేషన్లో, ఆసుపత్రిలో, గుడి వంటి చోట్లలో పెట్టకూడదు. ఓటు వేసేవాడికి భయం గాని మొహమాటం గాని ఉండకూడదు గదా.

5. 200 మీటర్ల లోపల పార్టీ ఆఫీసు ఉండకూడదు. పోలింగ్ రోజున 100 మీటర్ల లోపల ఓటు అడగకూడదు.

6. మంచినీళ్ళు, వెలుతురు, నీడ, మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు ఉండాలి.

2 కిలోమీటర్లు ఎట్లా కొలవాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఒక దూరం వస్తుంది. కాలినడకన పోతే ఇంకొక దూరం వస్తుంది. మైదానంలో ఈ రెండింటికీ అంత తేడా ఉండదు. మన కొండల్లో కాకి ఎగిరే దూరం వేరు, మనిషి నడిచే దూరం వేరు. నియమంలో ఉన్నది ఓటరు ప్రయాణం చేసే దూరం. అంటే మన కాలిబాట దూరమే లెక్కలోకి రావాలి.

ఒక లెక్క చేద్దాం. కొండ మీద ‘క’ అనే ఊరు ఉందనుకుందాం. లోయలో ‘చ’ అనే ఊళ్ళో బూతు ఉంది. పటంలో ఈ రెండింటి మధ్య దూరం 2 కి.మీ. కాని కొండ చుట్టు దిగి, గెడ్డ దాటి పోయే బాట 7 కి.మీ. కుర్రవాడు గంటకు 4 కి.మీ. నడుస్తాడు అనుకుంటే వాడికి 1 గంట 45 నిమిషాలు చాలు. ముసలమ్మ గంటకు 2 కి.మీ. నడిస్తే? పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి మూడున్నర గంటలు. మొత్తం 7 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు కొండ ఎక్కాలి కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు పోలింగ్ సమయం చూడండి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో చాలా చోట్ల ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు పోలింగ్ జరిగింది. అరకు, పాడేరు, రంపచోడవరం నియోజకవర్గాల్లో మాత్రం 4 గంటలకే ముగించారు. 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కూడా ఆసిఫాబాద్, ములుగు, భద్రాచలం వంటి 13 నియోజకవర్గాల్లో 4 గంటల వరకే సమయం. భద్రత కోసం, చీకటి పడకముందే సిబ్బంది బయలుదేరడం కోసం ఇట్లా పెడతారు. ఆ కారణం మనకీ అర్థం అవుతుంది. కాని లెక్క చూడండి. మైదానంలో బూతు దగ్గర, సమయం 11 గంటలు. ఏజెన్సీలో బూతు దూరం, సమయం 9 గంటలు. మన ముసలమ్మకి పోయి రావడానికి నడకకే 7 గంటలు పోతాయి. అది కూడా మే నెల ఎండలో.

(ముగింపు సమయానికి వరసలో ఉన్నవాళ్ళందరికీ చీట్లు ఇచ్చి ఓటు వెయ్యనిస్తారు. ఎంత ఆలస్యం అయినా పంపించెయ్యకూడదు. ఈ సంగతి ఇంట్లో చెప్పండి.)

దూరం అయితే నష్టం ఏమిటి?

మొదటి నష్టం తెలిసిందే. ముసలివాళ్ళు, గర్భిణీలు, చంటిపిల్లల తల్లులు మానేస్తారు. రోజు కూలి పోతుందని ఇంకొందరు మానేస్తారు. తరువాత ‘ఆ ఊరివాళ్ళకి ఓటు మీద శ్రద్ధ లేదు’ అంటారు. శ్రద్ధ లేక రాలేదో, గెడ్డ దాటలేక రాలేదో కాగితం మీద తెలియదు.

రెండవ నష్టం నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. బూతు దూరం అయితే ఎవరో ఒకరు జీపు పంపిస్తారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ‘ఓటుకి పోదాం’ అనరు, ‘ఓట్ల జీపు వచ్చిందా?’ అంటారు. ఎవరి జీపు ఎక్కితే వాళ్ళకి వెయ్యాలని ఒక మొహమాటం. ఎక్కించుకున్నవాళ్ళు దారి పొడుగునా గుర్తు చెబుతూనే ఉంటారు. వెయ్యకపోతే తిరిగి తీసుకురారేమో అని భయం. ఓటు రహస్యమే, మిషను దగ్గర ఎవరూ చూడరు. కాని 7 కి.మీ. జీపులో కూర్చున్నాక మనసులో ఎంత స్వేచ్ఛ మిగులుతుంది?

ఇది చట్టానికి తెలియని సంగతి కాదు. అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని ఓటర్లను ఉచితంగా తీసుకుపోవడానికి బండి పెడితే అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అవినీతి చర్య. రుజువైతే ఆ గెలుపునే కోర్టు కొట్టెయ్యవచ్చు. అయితే బూతు నడిచిపోయే దూరంలో ఉంటే జీపుతో పనే లేదు. కాబట్టి 2 కి.మీ. నియమం కాళ్ళ నొప్పి కోసం ఒక్కటే కాదు. మన ఓటు మనదిగా ఉండటం కోసం.

అధికారుల కష్టం

రెండవ వైపు కూడా చెప్పాలి. చిన్న ఊళ్ళో సర్కారు భవనం ఉండదు. ఉన్న బడికి కప్పు కారుతుంది. బండి పోదు. ఫోను సిగ్నలు ఉండదు. మిషన్లు మోసుకుని, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు పోలింగ్ జరిపించేది కూడా మనలాంటి మనుషులే. మన సార్లలో చాలామంది ఆ డ్యూటీ చేసినవాళ్ళే. అందుకే రోడ్డు పక్క ఊరికి బూతు పెట్టడం వాళ్ళకి సులువు.

కాని సులువు కానిచోట కూడా పెట్టిన సందర్భాలు ఉన్నాయి. గుజరాత్‌లో గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం పోలింగ్ కేంద్రం పెడుతూ వచ్చారు. అరుణాచల్ ప్రదేశ్‌లో మాలోగాం అనే ఊళ్ళో ఒక్క మహిళా ఓటరు కోసం 2024లో సిబ్బంది సుమారు 40 కి.మీ. ప్రయాణం చేసి పోయారు. హిమాచల్‌లోని తాషిగాంగ్ కేంద్రం 15,256 అడుగుల ఎత్తున ఉంది. 2024లోనే గ్రేట్ నికోబార్ దీవిలో షోంపెన్ తెగవారు 7 గురు మొదటిసారి ఓటు వేశారు. ఆ కేంద్రానికి ‘షోంపెన్ హట్’ అని పేరు.

మొదటి సాధారణ ఎన్నికలప్పుడు కూడా ఇంతే. దేశంలో ఎక్కువ భాగం 1952 మొదట్లో ఓటు వేస్తే, హిమాచల్‌లోని చినీ ప్రాంతంవాళ్ళు మంచు పడకముందే 1951 అక్టోబరు 25న ఓటు వేశారు. కొండవాళ్ళ కోసం తేదీనే ముందుకు జరిపారు. అంటే ఓటరు ఉన్న చోటుని బట్టి ఏర్పాటు మారాలి అన్న ఆలోచన మొదటినుంచీ ఉన్నదే.

నడవలేనివాళ్ళకి

పోలింగ్ కేంద్రాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షను చెబుతోంది. మిషను మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి. చూపు లేనివారు 18 ఏళ్ళు దాటిన ఒకరిని తోడు తీసుకుపోవచ్చు. 85 ఏళ్ళు దాటినవారు, 40 శాతం వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే ఓటు వెయ్యవచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇది దేశమంతా అమలైంది. దీనికి 12-డి ఫారం నింపాలి. నోటిఫికేషను వచ్చిన 5 రోజుల లోపల ఇవ్వాలి. డోలీలో మోసుకుపోయే ముసలివాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. 5 రోజుల సంగతి వాళ్ళకి చేరేసరికి 5 రోజులు అయిపోతాయి. కాబట్టి ముందే తెలుసుకుని ఉండాలి.

పంచాయతీ ఓటు వేరు

‘సర్పంచి ఓటు మా ఊళ్ళోనే వేశాం, ఎమ్మెల్యే ఓటుకి అంత దూరం ఎందుకు?’ అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడ సాధారణంగా వార్డుల లెక్కన కేంద్రాలు పెడతారు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు జరిపేది భారత ఎన్నికల సంఘం. ఆ జాబితా వేరు. అయితే సర్పంచి ఓటుకి ఊళ్ళో గది దొరికి ఉంటే, ఎమ్మెల్యే ఓటుకి కూడా ఆ గది చూడమని అడగవచ్చు. ఇది మన అర్జీకి మంచి ఆధారం.

మనం ఏం చెయ్యగలం?

మనకి ఇంకా ఓటు లేదు. కాని రాయడం వచ్చు, కొలవడం వచ్చు. సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు ఈ పనులు చెయ్యండి.

1. మీ ఊరివాళ్ళు ఏ బూతులో ఓటు వేస్తారో, దాని నంబరు ఎంతో అడిగి రాసుకోండి.

2. పెద్దవాళ్ళతో కలిసి ఆ బూతు దాకా నడవండి. బయలుదేరిన గంట, చేరిన గంట రాయండి. ఎన్ని గెడ్డలు దాటారో, వంతెన ఉందో లేదో రాయండి. వాన కాలంలో గెడ్డలోకి దిగవద్దు, పెద్దవాళ్ళని అడిగి రాస్తే చాలు.

3. మీ ఊళ్ళో బడి గాని, అంగన్‌వాడీ గాని ఉందా? తలుపు, కప్పు, నీళ్ళు ఎట్లా ఉన్నాయి?

4. నడవలేనివాళ్ళు ఎంతమంది?

ఈ నాలుగూ ఉంటే పెద్దవాళ్ళ తరఫున అర్జీ రాసి ఇవ్వవచ్చు. నమూనా ఇది:

‘గౌరవనీయులైన తహశీల్దారు గారికి, ఫలానా గ్రామస్తులు వ్రాసుకొను విన్నపము. మా గ్రామ ఓటర్లకు నిర్ణయించిన ఇన్నవ నంబరు పోలింగ్ కేంద్రము కాలిబాటన ఇన్ని కి.మీ. దూరములో ఉన్నది. మధ్యలో వంతెన లేని గెడ్డ కలదు. మా గ్రామములో పాఠశాల భవనము కలదు. దయచేసి పరిశీలించి ఇక్కడ పోలింగ్ కేంద్రము ఏర్పాటు చేయగలరని కోరుచున్నాము.’

కింద ఓటర్లే సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి. మనం పెట్టకూడదు. ఒక నకలు ఉంచుకుని దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. తహశీల్దారు గారు సహాయ ఓటర్ల నమోదు అధికారి కూడా. ఇంకొక నకలు కలెక్టరు గారికి పంపాలి. 1950 నంబరుకి ఫోను చేసి కూడా అడగవచ్చు. ముఖ్యంగా ముసాయిదా జాబితా గడువు లోపల ఇవ్వాలి. పోలింగ్ రోజున బూతు దగ్గర గట్టిగా అరిస్తే ఆ రోజు ఏమీ మారదు.

17 ఏళ్ళు నిండిన అన్నలకు, అక్కలకు ఒక మాట: మీరు ముందుగానే 6వ నంబరు ఫారం ఇవ్వవచ్చు. 18 నిండాక పేరు ఎక్కుతుంది. హాస్టలు చిరునామాతో గాని, ఊరి చిరునామాతో గాని ఒకేచోట ఇవ్వాలి, రెండు చోట్లా ఇవ్వకూడదు.

వార్డెన్ గారికి ఒక మనవి. సెలవులకి పంపేటప్పుడు ఊరికి ఒక తెల్లకాగితం ఇప్పించగలరు. తిరిగి వచ్చాక ఆ కాగితాలన్నీ ఈ గోడ మీదే పెడదాం. ఏ ఊరికి ఓటు ఎంత దూరమో అందరికీ కనిపిస్తుంది.

అభ్యాసము

1. పోలింగ్ కేంద్రాల జాబితా ఎవరు ప్రకటిస్తారు? ఎవరి ఆమోదం కావాలి?
2. బాట 5 కి.మీ., నడక గంటకు 2 కి.మీ. అయితే పోయి రావడానికి ఎంతసేపు?
3. ‘ఓట్ల జీపు’ ఎందుకు తప్పు? మీ మాటల్లో రాయండి.
4. మీ ఊరి నుంచి బూతుకి దారి పటం గీయండి.

— 10వ తరగతి విద్యార్థి