సారమేయానికి శాంతిపాఠం

ఉద్దేశం

మూగజీవాలకు నేర్పడంలో భయం కంటే ఓర్పు బలమైన సాధనమని తెలియజేయడం, పెంపుడు కుక్క చాప మీద ప్రశాంతంగా విశ్రమించడం అలవరచుకొనే విధానాన్ని శాస్త్రీయంగా వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని తీసుకొని, దాని పూర్వాపరాలను హేతుబద్ధంగా, క్రమపద్ధతిలో వివరించే రచనను వ్యాసం అంటారు. ప్రాచీన సాహిత్యంలోని ప్రస్తావనలను, ఆధునిక మనోవిజ్ఞానశాస్త్రం కనుగొన్న విషయాలను ఈ వ్యాసం సమన్వయిస్తుంది.

పాఠ్యభాగం

తెలుగునాట అక్షరాలు దిద్దిన ప్రతివారికీ సుమతీ శతకం పరిచయమే. అందులోని ప్రసిద్ధమైన ఒక కందపద్యంలో కుక్క ప్రస్తావన వస్తుంది. ఎంతటి ఉన్నతాసనం మీద ఉంచినా అది తన పాత అలవాటును విడిచిపెట్టదని ఆ పద్య సారాంశం. నిజానికి శతకకర్త దృష్టి కుక్క మీద లేదు. అర్హత లేనివాడికి గౌరవస్థానం కట్టబెడితే ఏమవుతుందో చెప్పడమే ఆయన లక్ష్యం. కాని లోకం ఆ ఉపమానాన్నే శాస్త్రంగా స్వీకరించింది. 'కుక్కతోక వంకర' అన్న సామెత దానికి తోడైంది. ఇంటికి చుట్టం వస్తే కుక్క మీదికి దూకుతుంది. కాలింగ్ బెల్ మోగితే ఆగకుండా మొరుగుతుంది. భోజనం చేసేవారి చుట్టూ తిరుగుతుంది. దాని గుణమే అంత అనుకొని మనం మెడకు గొలుసు వేస్తాం.

ఆ పద్యంలోని సన్నివేశాన్ని మరొకసారి పరిశీలిద్దాం. అక్కడ కుక్కను ఎవరో ఆసనం మీద కూర్చోబెట్టారు. దానికి కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కూర్చోబెట్టడం వేరు, కూర్చోవడం నేర్పడం వేరు. మొదటిదానికి మన బలం చాలు. రెండవదానికి కుక్క ఇష్టం కూడా కావాలి. ఆ ఇష్టాన్ని కలిగించగలిగితే బంగారు ఆసనంతో పనిలేదు. పాత గోనెపట్టా సరిపోతుంది.

గొలుసు కదలికను ఆపుతుంది గాని కలవరాన్ని ఆపలేదు. రోజంతా కట్టివేసిన కుక్క తన శక్తిని ఖర్చు చేసుకొనే దారి లేక మరింత ఉద్రేకపడుతుంది. మన దేశంలో 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ఈ విషయాన్ని స్పష్టంగా ప్రస్తావించింది. మరీ పొట్టిదైన లేదా మరీ బరువైన గొలుసుతో జంతువును అనుచితమైనంతసేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కకు యజమాని తగిన వ్యాయామం కల్పించకపోవడం ఆ చట్టం ప్రకారం నేరాలు.

మౌనానికీ శాంతికీ ఉన్న భేదాన్ని మహాభారతం ఆదిపర్వంలోని ఏకలవ్యుని వృత్తాంతంలో చూడవచ్చు. అడవిలో తనను చూసి మొరిగిన కుక్క నోటిని ఏకలవ్యుడు ఏడు బాణాలతో మూసివేశాడు. అతని విలువిద్యా నైపుణ్యానికి అది నిదర్శనం. మొరుగు ఆగింది, నిజమే. కాని నోటినిండా బాణాలతో పాండవుల వద్దకు పరుగెత్తిన ఆ కుక్క శాంతించిందని ఎవరూ అనలేరు. కసరి, కొట్టి కుక్కను ఊరుకోబెట్టినప్పుడు జరిగేది కూడా ఇటువంటిదే.

ఆదిపర్వంలోనే సరమ కథ ఉంది. దేవశునకమైన సరమ కుమారుడు సారమేయుడు. జనమేజయుడు దీర్ఘసత్రయాగం చేస్తున్న చోటికి అతడు వెళ్ళాడు. ఏ తప్పూ చేయకపోయినా జనమేజయుని తమ్ములు అతణ్ణి కొట్టారు. సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని హింసించినవారికి అనుకోని భయం కలుగుతుందని హెచ్చరించింది. సారమేయమన్న పదం కుక్కకు పర్యాయపదమై నేటికీ మన భాషలో నిలిచి ఉంది. కారణం తెలియని దెబ్బ నుంచి పుట్టే భయం కొట్టినవాడి దాకా వస్తుందన్న ఆ హెచ్చరిక నేటి ఇళ్లకూ వర్తిస్తుంది. అతిథిని చూసి గుర్రుమన్న కుక్కను కొడితే, అతిథి రావడమంటే దెబ్బ తినడమని అది అర్థం చేసుకొంటుంది. గుర్రుమనడం కుక్క ఇచ్చే ముందస్తు హెచ్చరిక. దెబ్బలకు భయపడి దానిని మానుకొన్న కుక్క హెచ్చరిక లేకుండానే కరిచే ప్రమాదం ఉంది. ఆ కాటు తరచుగా ఇంట్లోని పసివాడికే తగులుతుంది. అప్పుడా కుక్క ఇల్లు వదలి వీధిన పడవలసి వస్తుంది. కాబట్టి శాంతంగా ఉండడం నేర్పడమంటే కుక్క బతుకునూ, బిడ్డల క్షేమాన్నీ కాపాడడమే.

ప్రాణులు ఎలా నేర్చుకొంటాయో మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా వివరించారు. అమెరికా దేశీయుడైన ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి చేసిన పరిశోధనలను 1898లో ప్రకటించాడు. తృప్తినిచ్చిన చర్య మళ్లీ జరగడానికి అవకాశం పెరుగుతుందని ఆయన తేల్చాడు. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్, ఆహారంతో జతపడిన సంకేతానికే కుక్కకు లాలాజలం ఊరుతుందని నిరూపించాడు. బి. ఎఫ్. స్కిన్నర్ 1951లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో జంతువులకు నేర్పే విధానంపై వ్యాసం రాశాడు. కోరిన చర్య జరిగిన వెంటనే ప్రతిఫలం అందాలని అందులో వివరించాడు. ఇటువంటి ప్రతిఫలంతో చర్యను బలపరచడాన్నే పునర్బలనం అంటారు. చాప మీద కుక్కకు ఇచ్చే శిక్షణలో ఈ సూత్రాలన్నీ కలసి పనిచేస్తాయి. చాప మీదికి వస్తే మేలు కలుగుతుందని కుక్క మొదట గ్రహిస్తుంది. కొంతకాలానికి ఆ చాప స్పర్శే దానికి విశ్రాంతి సంకేతమవుతుంది.

ఇక ఆచరణ విషయానికి వద్దాం. కుక్క కాళ్లు చాపుకొని పడుకోగలిగినంత వెడల్పున్న గోనెపట్టా గాని, నూలు బొంత గాని ఎంచుకోవాలి. నున్నని గచ్చు మీద అది జారకూడదు. మన వేసవిలో ఫ్యాను గాలి తగిలే నీడపట్టున పరచడం మంచిది. ప్రతిఫలంగా ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి ఉంచుకోవాలి. ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషతుల్యాలు గనుక వాటిని పెట్టరాదు. కుక్కను కొంతసేపు నడిపించి తెచ్చి, నీళ్లు తాగించిన తరువాత అభ్యాసం మొదలుపెట్టాలి. ఒక్కొక్క అభ్యాసం రెండు మూడు నిమిషాలకు మించనక్కరలేదు. రోజుకు రెండు మూడుసార్లు చేస్తే చాలు.

మొదటి దశలో చాపను నేల మీద పరచి నిశ్శబ్దంగా ఉండాలి. కుక్క దానిని వాసన చూసినా, ఒక కాలు మోపినా వెంటనే ఒక ముక్కను చాప మీదే పెట్టాలి. చేతినుంచి అందిస్తే కుక్క దృష్టి చేతి మీదనే ఉంటుంది. చాప మీద పెడితే తల దించుకొంటుంది. క్రమంగా నాలుగు కాళ్లూ చాప మీద ఉన్నప్పుడు, తరువాత కూర్చున్నప్పుడు, చివరకు పడుకొన్నప్పుడు మాత్రమే ముక్క పెట్టాలి. మెడ పట్టి లాగడం, నడుము నొక్కి పడుకోబెట్టడం పనికిరావు. అలా చేస్తే అది మళ్లీ కూర్చోబెట్టడమే అవుతుంది. పరచగానే కుక్క తనంతట తానే వచ్చి పడుకోవడం మొదలైన తరువాతనే 'చాప' అన్న మాటను జతచేయాలి. లేవవచ్చునని తెలపడానికి 'చాలు' వంటి మరొక మాట ఉండాలి. ఆ మాట వినబడేదాకా ఉంటే సరిపోతుందన్న నమ్మకం కుక్కకు నిలకడనిస్తుంది.

రెండవ దశలో కాలం, దూరం, ఆటంకం అనే మూడింటిని పెంచాలి. ఒకసారి ఒక్కదానినే పెంచాలన్నది ఇక్కడి ముఖ్య నియమం. మూడు సెకన్లు ఉండగలిగిన కుక్కను ఐదు, ఎనిమిది, పది సెకన్ల వరకు తీసుకొనిపోవాలి. మధ్యమధ్య మళ్లీ మూడు సెకన్లకే ముక్క పెట్టాలి. ప్రతిసారీ కష్టం పెరుగుతూ పోతే కుక్కకైనా విద్యార్థికైనా విసుగు పుడుతుంది. కాలం నిలకడ పొందిన తరువాత ఒక అడుగు వెనక్కి వేసి తిరిగి రావాలి, పిమ్మట రెండడుగులు. ఆ తరువాత తలుపు తట్టిన చప్పుడు, కాలింగ్ బెల్, ఇంటివారే అతిథివలె లోపలికి రావడం వంటి ఆటంకాలను అత్యల్ప స్థాయిలో మొదలుపెట్టాలి. అమెరికా పశువైద్యురాలు కేరెన్ ఓవరాల్ 1997లో వెలువడిన తన గ్రంథంలో ఇటువంటి చిన్న చిన్న మెట్లనే పదిహేను రోజుల అభ్యాసక్రమంగా పొందుపరచింది. కుక్క మధ్యలో లేస్తే అది అవిధేయత కాదు; మనం వేసిన మెట్టు ఎత్తుగా ఉందని అర్థం. కసరకుండా ఒక మెట్టు దిగి మళ్లీ ప్రారంభించాలి.

కదలకుండా ఉన్న ప్రతి కుక్కా ప్రశాంతంగా ఉన్నట్లు కాదు. చెవులు వెనక్కి వాల్చి, పదేపదే పెదవులు నాకుతూ, నిద్రవేళ కాకున్నా ఆవులిస్తూ, తోక ముడుచుకొని ఉన్న కుక్క లోలోపల భయపడుతోందని గ్రహించాలి. నిజంగా విశ్రమించిన కుక్క నడుమును ఒక పక్కకు వాల్చి, గడ్డాన్ని ముందుకాళ్ల మీద ఆనించి, నెమ్మదిగా ఊపిరి తీస్తుంది. ప్రతిఫలం ఇవ్వవలసింది ఈ లక్షణాలకు. అది కూడా కేరింతలతో కాక మృదువుగా, నిదానంగా ఇవ్వాలి.

ఈ శిక్షణలో ఒక విషమఘట్టం ఉంటుంది. ఇంతకాలం మొరిగి దృష్టిని ఆకర్షించిన కుక్కను పట్టించుకోవడం మానేస్తే, అది మొదట మరింత గట్టిగా మొరుగుతుంది. పాత ఉపాయాన్ని వదలిపెట్టే ముందు చేసే చివరి ప్రయత్నమది. చాలామంది ఆ దశలోనే ఓర్పు కోల్పోతారు. కేకలు వేసినా, బుజ్జగించినా గట్టిగా మొరిగితే ఫలితం ఉంటుందన్న పాఠమే దానికి అందుతుంది. అప్పుడు కుక్కను చాలా సులభమైన మెట్టుకు తెచ్చి, అది ఊరుకొన్న క్షణాన్ని కనిపెట్టి ప్రతిఫలం ఇవ్వడమే మార్గం.

చాపను ఎన్నడూ దండనస్థలంగా వాడరాదు. చాప మీద పడుకొన్న కుక్కను పిల్లలు కదిలించకూడదన్నది ఇంటిల్లిపాదికీ నియమం కావాలి. ఎంత ఓర్పుతో నేర్పినా పడుకోవడానికి ఇష్టపడని కుక్కకు కీళ్లనొప్పి వంటి బాధ ఉండవచ్చు. దీపావళి టపాసుల చప్పుడుకు వణకిపోయే కుక్కకు, మనుషుల మీద పడి కరిచే కుక్కకు చాప ఒక్కటే చికిత్స కాదు. అటువంటప్పుడు పశువైద్యుని సంప్రదించాలి.

శిక్ష అన్న సంస్కృతపదానికి నేర్పడం, నేర్చుకోవడం అని అర్థం. వేదాంగాలలో ఒకదానికి ఆ పేరే ఉంది. తెలుగు వాడుకలో ఆ పదానికి దండన అన్న అర్థం స్థిరపడింది. నేర్పడమంటే కొట్టడమే అనుకొన్న అలవాటు మన మాటలోకి కూడా చేరింది. గోనెపట్టా మీద తల వాల్చి నిద్రించే కుక్క ఆ పదానికి తొలి అర్థాన్ని తిరిగి చూపుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

సారమేయం : కుక్క (సరమ సంతానం)
దీర్ఘసత్రం : చాలాకాలం సాగే యాగం
నిరపరాధి : తప్పు చేయనివాడు
పునర్బలనం : ప్రతిఫలంతో చర్యను బలపరచడం
విషమఘట్టం : కష్టమైన దశ

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'కూర్చోబెట్టడం వేరు, కూర్చోవడం నేర్పడం వేరు' – పాఠం ఆధారంగా వివరించండి.
2. చాప శిక్షణలోని దశలను క్రమపద్ధతిలో తెలపండి.

II. కింది ప్రశ్నలకు 5 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఏకలవ్యుని వృత్తాంతాన్ని రచయిత ఎందుకు ప్రస్తావించారు?
2. ప్రశాంతంగా ఉన్న కుక్కను ఎలా గుర్తించవచ్చు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సరమ కుమారుడు ఎవరు?
2. ఒకసారి ఒక్కదానినే పెంచవలసిన మూడు అంశాలేవి?

IV. కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
1. ఉన్నతాసనం 2. అత్యల్పం

V. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసనామాలు తెలపండి.
1. యాగశాల 2. మూగజీవం