జంట తీగలు – పొరుగు సంకేతాలు

నేడు ఏ కార్యాలయంలో అడుగుపెట్టినా, ఏ కళాశాల ప్రయోగశాలను చూచినా, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కేబుళ్లు గోడల వెంట సాగుతూ కనిపిస్తాయి. వాటిని మనం నిత్యం చూస్తూనే ఉన్నాము గాని, విప్పి చూచినవారు తక్కువ. పై తొడుగు తీసి చూస్తే లోపల ఎనిమిది సన్నని రాగి తీగలుంటాయి. అవి రెండేసి చొప్పున నాలుగు జతలై, తాడుకు పురి పెట్టినట్లు ఒకదానితో ఒకటి పెనవేసికొని ఉంటాయి.

ఈ పురి ఎందుకు? తీగలను తిన్నగా పక్కపక్కన పరిస్తే పని జరగదా? ప్రశ్న చిన్నదే అయినా సమాధానం తెలియనందువల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మేలైన కేబుల్, ఖరీదైన యంత్రాలు కొనికూడా, కొసలు బిగించే చోట పురి విలువ గుర్తించనందున వేగం కోల్పోయే ఏర్పాట్లు అనేకం ఉన్నాయి. రేపు ఈ రంగంలో జీవనోపాధి వెదకబోయే విద్యార్థులకు ఉపకరిస్తుందన్న ఆశతో, భౌతికశాస్త్ర తరగతిలో నేర్చిన రెండు మూడు పాఠాల ఆధారంగానే ఈ విషయాన్ని వివరించదలచినాము.

సమస్య పుట్టుక

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందాడు. ఆ తొలి రోజులలో టెలిగ్రాఫుకు వలెనే టెలిఫోనుకు కూడా ఒకే తీగ వాడేవారు. ప్రవాహం తిరిగి రావడానికి భూమియే రెండవ తీగగా పనిచేసేది. ఒకే స్తంభాల మీద తీగల సంఖ్య పెరిగేకొద్దీ ఒక చిక్కు ఎదురైంది. ఒకరి సంభాషణ మరొకరి చెవిన పడసాగింది. ఆంగ్లంలో దీనికి క్రాస్‌టాక్ అని పేరు. మన దేశంలోను తీగల టెలిఫోను వాడిన తరంవారికి, మాటల మధ్య ముక్కూమొగమూ తెలియనివారి మాటలు వినిపించిన అనుభవం కొత్త కాదు. ఈ వ్యాసంలో దానిని మనం ‘పొరుగు సంకేతం’ అని పిలుచుకొందాము.

దీనికి విరుగుడుగా రెండు తీగలను ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసే పద్ధతికి బెల్ 1881లో అమెరికాలో పేటెంటు పొందాడు. స్తంభాల మీద ఎడమెడంగా సాగే తీగలను అట్లు మెలివేయడం కుదరదు. కనుక కొన్ని స్తంభాలకొకసారి రెండు తీగల స్థానాలను తారుమారు చేసేవారు. అది కూడా ఒక విధమైన పురియే. కంప్యూటర్ల కేబుల్ ఆ పాత ఉపాయానికే వారసురాలు.

సంకేతం పక్క తీగకు ఎట్లు చేరుతుంది?

పక్కపక్కనున్న రెండు తీగలు బంధకపు తొడుగులో ఉన్నప్పటికీ, వాటి మధ్య రెండు మార్గాలలో సంబంధం ఏర్పడుతుంది. మొదటిది విద్యుత్ క్షేత్రం. రెండు వాహకాలు, వాటి నడుమ బంధకం ఉంటే అది కెపాసిటర్ అవుతుందని మనకు తెలుసు. కనుక ఒక తీగ మీది వోల్టేజి మారినప్పుడెల్లా పక్క తీగలోకి కొంత ప్రవాహం చేరుతుంది. రెండవది అయస్కాంత క్షేత్రం. ఒక తీగలో ప్రవాహం మారితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు పక్క వలయంలో విద్యుచ్చాలక బలాన్ని ప్రేరేపిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ నియమం ఇదే.

ఈ రెండింటిలోను ముఖ్యమైన మాట ‘మార్పు’. మార్పు ఎంత వేగంగా జరిగితే ప్రేరణ అంత బలంగా ఉంటుంది. టెలిఫోనులో మన కంఠస్వరానికి కేటాయించిన పౌనఃపున్యాలు సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్ వరకు. కంప్యూటర్ల కేబుల్‌లో సంకేతాల పౌనఃపున్యం 100 మెగాహెర్ట్‌జ్ వరకు, కొన్ని రకాలలో అంతకు మించి పోతుంది. అనగా స్వరం కంటె సుమారు 30 వేల రెట్లు అధికం. టెలిఫోనులో చెవికి చిరాకు మాత్రమే కలిగించిన పొరుగు సంకేతం, ఇక్కడ సమాచారాన్నే తప్పులతడకగా మార్చగలదు.

పురి చేసే పని

ఇక ఉపాయం చూద్దాము. జతలోని రెండు తీగల మీద ఎప్పుడూ సమానమైన, వ్యతిరేకమైన వోల్టేజీలు పంపుతారు. ఒకదాని మీద +0.5 వోల్టు ఉంటే రెండవదాని మీద –0.5 వోల్టు ఉంటుంది. అవతలి కొసన ఉన్న గ్రాహకం ఈ రెండింటి భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది. భేదం 1 వోల్టు.

ఇప్పుడు పొరుగు జత నుంచి రెండు తీగల మీదను సమానంగా 0.2 వోల్టు వచ్చి చేరిందనుకొందాము. తీగల వోల్టేజీలు +0.7, –0.3 అవుతాయి. భేదం ఎంత? అప్పుడూ 1 వోల్టే. చేరిన అలజడి లెక్కలోనే కొట్టుకుపోయింది. అట్లుగాక ఒక తీగకు 0.20, రెండవదానికి 0.14 చేరితే భేదం 1.06 అవుతుంది. మిగిలిన ఆ 0.06 వోల్టే మనకు శత్రువు.

కనుక పొరుగు సంకేతం రాకుండా ఆపడం కంటె, వచ్చినదానిని రెండు తీగలకు సమానంగా పంచడమే అసలు కీలకం. తీగలు తిన్నగా ఉంటే ఒకటి ఎప్పుడూ పొరుగుకు దగ్గరగా, రెండవది ఎప్పుడూ దూరంగా ఉంటుంది. అప్పుడు సమానత ఎక్కడిది? పురి పెట్టినప్పుడు ఈ అర చుట్టులో దగ్గరగా ఉన్న తీగ, తరువాతి అర చుట్టులో దూరమవుతుంది. దూరంగా ఉన్నది దగ్గరకు వస్తుంది. కేబుల్ పొడవునా లెక్కిస్తే ఇద్దరి వాటా ఇంచుమించు సమానమవుతుంది. అయస్కాంత ప్రేరణ విషయంలోను ఇంతే. ఒక అర చుట్టులో ప్రేరితమైన వోల్టేజిని తరువాతి అర చుట్టులోని వ్యతిరేక వోల్టేజి రద్దు చేస్తుంది.

నాలుగు జతలు – నాలుగు పురులు

ఇక్కడొక సూక్ష్మం ఉన్నది. నాలుగు జతలకూ ఒకే కొలత గల పురి పెడితే ఏమవుతుంది? రెండు జతలు ఒకే లయలో తిరుగుతాయి. ఒక జతలోని తీగ దగ్గరకు వచ్చే ప్రతిచోట పొరుగు జతలోని అదే తీగ ఎదురవుతుంది. పురి ఉండికూడా లేనట్లే. అందుచేత తయారీదారులు ఒక్కొక్క జతకు ఒక్కొక్క కొలతలో పురి పెడతారు. కేబుల్ విప్పి నాలుగు జతలను పక్కపక్కన పరచి చూస్తే ఈ భేదం కంటికే తెలుస్తుంది.

పురి బిగువుగా ఉన్నకొద్దీ మేలే గదా అని అంతులేకుండా బిగించరాదు. ఎక్కువ పురి అంటే ఎక్కువ రాగి, సంకేతానికి ఎక్కువ దూరం, ఎక్కువ నష్టం. పైగా వేరువేరు పురులు గల జతలలో ఒకేసారి బయలుదేరిన సంకేతాలు కొంచెం ముందు వెనుకలుగా చేరుతాయి. మేలురకం కేబుళ్లు పెక్కింటిలో నాలుగు జతలను వేరుపరుస్తూ మధ్యలో కూడిక గుర్తు ఆకారం గల ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. జతల మధ్య దూరం చెదరకుండా ఉంచడమే దాని పని.

కొలత ఎట్లు?

పొరుగు సంకేతాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఈ పేరులోని ‘బెల్’ పైన చెప్పిన గ్రాహం బెల్ పేరే. 20 డెసిబెళ్లు అనగా వోల్టేజి పదవ వంతుకు తగ్గుట. 40 అనగా నూరవ వంతుకు తగ్గుట. కాబట్టి పొరుగుకు చేరేదానిని ఈ విధంగా కొలిచినప్పుడు సంఖ్య పెద్దదైతే మంచిది.

మనం పంపే కొసలోనే ప్రమాదం ఎక్కువ. అక్కడ మన సంకేతం అప్పుడే బయలుదేరి బలంగా ఉంటుంది. అదే చోట, దూరం నుంచి అలసి వచ్చిన బలహీన సంకేతాన్ని పక్క జత వినవలసి ఉంటుంది. పెళ్లి పందిట్లో ఆ చివరి నుంచి ఒకరు మనతో మాట్లాడుతుండగా చెవి పక్కనే మరొకరు బిగ్గరగా మాట్లాడితే ఎట్లుంటుందో ఇదీ అట్లే. దీనిని సమీపాంత పొరుగు సంకేతం అనవచ్చు. అవతలి కొసన కనిపించేది దూరాంత పొరుగు సంకేతం.

ఒక లెక్క చూద్దాము. 100 మీటర్ల కేటగిరీ 5ఇ కేబుల్‌లో 100 మెగాహెర్ట్‌జ్ వద్ద సంకేతం 22 డెసిబెళ్లకు మించి క్షీణించరాదు. సమీపాంతంలో పొరుగుకు చేరేది కనీసం 35.3 డెసిబెళ్లు తక్కువగా ఉండాలి. అనగా మన సంకేతం సుమారు 12.6వ వంతుగా చేరుతుంది. పొరుగుది 58వ వంతుగా చేరుతుంది. మనది పొరుగుదాని కంటె సుమారు నాలుగున్నర రెట్లు పెద్దది. కేటగిరీ 6 కేబుల్‌లో ఈ హద్దులు 19.8, 44.3. అప్పుడు మన సంకేతం సుమారు 17 రెట్లు పెద్దది. రెండింటిలోను రాగి తీగలే అయినా, ఇంత తేడా ప్రధానంగా జతల అమరికలోని శ్రద్ధ వల్ల వచ్చింది.

కొస దగ్గర జాగ్రత్త

కర్మాగారంలో ఇంత శ్రద్ధతో పెట్టిన పురిని, కొస బిగించేటప్పుడు మన చేతితో మనమే విప్పుతాము. విప్పక తప్పదు. కాని ఎంత విప్పాలి? ప్రమాణాల ప్రకారం 13 మిల్లీమీటర్లకు మించరాదు. పని సులువుగా ఉంటుందని రెండు మూడు అంగుళాలు విప్పితే, సంకేతం అత్యంత బలంగా ఉండే చోటనే రక్షణ తొలగించినట్లవుతుంది.

ఇంతకంటె మోసకరమైన తప్పు మరొకటి కలదు. ప్లగ్గులోని ఎనిమిది స్థానాలలో 1-2 ఒక జత, 3-6 ఒక జత, 4-5 ఒక జత, 7-8 ఒక జత. టెలిఫోను జాకులో నడిమి రెండు స్థానాలు మొదటి జతకు, వాటికి ఇరుపక్కలవి రెండవ జతకు కేటాయించిన పాత అలవాటు నుంచి ఈ అమరిక వచ్చింది. ఎక్కువగా వాడే వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

ఈ సంగతి తెలియనివారు 1-2, 3-4, 5-6, 7-8 అని వరుసగా జతలు పెడతారు. రెండు కొసలా ఒకే విధంగా పెడితే ఏ తీగా తెగలేదు, ఏదీ తారుమారు కాలేదు. చిన్న దీపాల పరీక్ష యంత్రంలో ఎనిమిది దీపాలూ క్రమంగా వెలుగుతాయి. కాని 3-6 సంకేతంలోని ఒక తీగ ఒక పురిలోను, దాని తోడు మరొక పురిలోను పడింది. జత విడిపోయింది. తక్కువ వేగంలో పని జరుగుతున్నట్లే ఉంటుంది. వేగం పెరిగితే తప్పులు మొదలవుతాయి. తప్పిన సమాచారాన్ని యంత్రాలు మళ్లీ మళ్లీ పంపుకొంటాయి. నింద మాత్రం కంప్యూటరు మీద పడుతుంది. తీగ తెగిందా లేదా అని మాత్రమే చెప్పే పరీక్ష చాలదు. పొరుగు సంకేతాన్ని కొలిచే యంత్రం అవసరం. అది అందుబాటులో లేనిచోట రంగుల వరుసను కంటితో సరిచూడడమే శరణ్యం.

మరికొన్ని జాగ్రత్తలు చెప్పుకొందాము. కేబుల్‌ను దాని వ్యాసానికి నాలుగు రెట్ల కంటె తక్కువ వ్యాసార్ధంతో వంచరాదు. లాగేటప్పుడు 110 న్యూటన్లకు మించి, అనగా సుమారు 11 కిలోల బరువుకు మించి బలం వాడరాదు. కట్టలు కట్టేటప్పుడు నలిగేటట్లు బిగించరాదు. ఇవన్నీ పురి అమరిక చెదరకుండా కాపాడడానికే. విద్యుత్ సరఫరా తీగలకు దూరంగా నడపాలి. దాటక తప్పకపోతే లంబంగా దాటాలి.

లెక్కకట్టి తీసివేయడం

1999లో గిగాబిట్ ఈథర్నెట్‌కు రాగి తీగల ప్రమాణం వచ్చింది. ఇందులో నాలుగు జతలూ ఒకేసారి పనిచేస్తాయి. అంతేకాక ప్రతి జతలోను సంకేతాలు రెండు దిక్కులా ఒకే కాలంలో ప్రయాణిస్తాయి. మన వార్షిక సంచికలో తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతాయి గదా! అయితే మనకు వేరువేరు పుటలున్నాయి. అక్కడ రెండు వ్రాతలూ ఒకే పంక్తి మీద నడుస్తాయి. వాటిని విడదీసి చదవడం ఎట్లు? తాను ఏమి పంపినదీ యంత్రానికి తెలుసు. అందులో ఎంత భాగం తన గ్రాహకాలలోకి చొరబడుతున్నదో అది నిరంతరం అంచనా కట్టి, వచ్చిన సంకేతం నుంచి తీసివేస్తుంది. ఇదే సూత్రాన్ని విస్తరించి, టెలిఫోను తీగల మీది బ్రాడ్‌బ్యాండ్‌లో దూరాంత పొరుగు సంకేతాన్ని రద్దుచేసే ప్రమాణం 2010లో వెలువడింది.

ఈ లెక్కకు ఒక హద్దు ఉన్నది. తెలిసినదానినే తీసివేయగలము. ఒకే గొట్టంలో పక్కనున్న వేరొక కేబుల్ ఏమి పంపుతున్నదో మన యంత్రానికి తెలియదు. 2006లో 10 గిగాబిట్ల ప్రమాణం వచ్చినప్పుడు ఈ పరాయి పొరుగు సంకేతమే ప్రధాన సమస్య అయింది. దీనికి 500 మెగాహెర్ట్‌జ్ వరకు పనికివచ్చే కేటగిరీ 6ఎ కేబుళ్లను రూపొందించారు. కొన్నింటిలో తొడుగును లావుచేసి కేబుళ్ల మధ్య ఎడం పెంచారు. మరికొన్నింటిలో జతలకు గాని, మొత్తం కేబుల్‌కు గాని లోహపు రేకు కవచం చుట్టారు. కవచాన్ని సరిగా భూమికి కలపడం మరువరాదు. లేనిచో దానికి పెట్టిన ఖర్చుకు తగిన ఫలం దక్కదు.

ముగింపు

గాజు తంతువుల కేబుళ్లలో కాంతి ప్రయాణిస్తుంది గనుక రాగి జతలలోని ఈ ప్రేరణ బాధ వాటికి లేదు. అయినను, యంత్రానికి సమాచారంతోపాటు విద్యుత్తును కూడా ఒకే కేబుల్‌లో అందించే సౌకర్యం రాగికే ఉన్నది. అందుచేత గదిలోని చివరి కొన్ని మీటర్లలో రాగి జతలు నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నాయి.

పొరుగు సంకేతాన్ని తగ్గించుటకు మనం చూచిన మార్గాలలో ప్రధానమైనది సమానత. జతలోని రెండు తీగలు కష్టాన్ని సమంగా పంచుకొన్నంతసేపు అలజడి దానంతటదే తొలగిపోతుంది. ఆ సమానతను కర్మాగారం నూరు మీటర్ల పొడవునా సమకూర్చి ఇస్తుంది. చివరి 13 మిల్లీమీటర్లలో నిలుపవలసింది మాత్రం పనివాని చేయి. ప్రయోగశాలలో మొదటిసారి ప్లగ్గు బిగించబోయే మన విద్యార్థులు ఒక పాత కేబుల్ ముక్కను విప్పి, నాలుగు జతల పురులను స్కేలుతో కొలిచి, రంగుల వరుసను రెండుసార్లు వ్రాసుకొని, ఆ తరువాతనే పనికి పూనుకోవలెనని మా కోరిక.