తండ్రి మౌనము – తనయుని వినయము

ప్రేమ లేక కాదు, దానిని పలుకు మాట లేక పెక్కు గృహములలో తండ్రీకొడుకులు దూరమగుచున్నారు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట భాగ్యనగరపు పశ్చిమభాగము సాఫ్ట్‌వేర్ కొలువులకు నెలవైనది. ఒకనాటి పల్లెయగు మణికొండలో నేడు బహుళాంతస్తుల భవనములు నిలిచినవి. అట్టి ఇంట ఊరినుండి వచ్చిన తండ్రి వేకువనే సంధ్యావందనము ముగించువేళకు, విదేశపు వేళల ననుసరించి రాత్రియెల్ల పనిచేసిన కుమారుడు నిద్రకు ఒరుగును. "నాన్నగారు భోజనము చేసినారా అమ్మా?" అని కొడుకు తల్లి నడుగును, "వాడు పడుకొన్నాడా?" అని తండ్రియు ఆమెనే అడుగును.

శ్రీమద్రామాయణమున, అయోధ్యాకాండయందు, కైకేయి మందిరములో దశరథుడు కుమారుని పేరుమాత్రము పలికి, కన్నీరు నిండగా, అటుపై చూడను మాటలాడను లేకపోయెను. రాముడు కలతపడెనే కాని ఆ మౌనమును నిరాదరమని నిశ్చయింపలేదు. తనవలన తెలియక అపరాధమేమైన జరిగినదాయని కైకేయిని ప్రశ్నించెను. మౌనమునకు అర్థమును తానే కల్పించుకొనక అడిగి తెలిసికొనుట ఇందలి పుత్రధర్మము.

రావణవధానంతరము విమానమున వచ్చిన దశరథుడు రాముని ఒడిలోనికి తీసికొని, ఆతడు లేని స్వర్గము తనకు రుచింపలేదనెను. అష్టావక్రుడు తండ్రినివలె తన్ను తరింపజేసితివని ప్రశంసించెను. ఈ పోలిక గమనింపదగినది. రాత్రియెల్ల సాగిన అధ్యయనమును గర్భమందుండియే ఆక్షేపించిన శిశువును తండ్రి కహోడుడు శపించెను. ఆ కుమారుడే జనకుని సభలో వందిని జయించి, నీటిపాలైన తండ్రిని మరల పొందెను. ఒక తండ్రి పలుకలేకపోయెను; వేరొక తండ్రి పరుషముగా పలికెను. ఇరువురును తనయుల ఔదార్యముచేతనే ఊరట పొందిరి. రాముడు అప్పుడు కోరినదియు కైకేయిని, భరతుని విడిచితినన్న మాటను ఉపసంహరింపుమనియే.

అయినను భారమంతయు కుమారునిపై మోపరాదు. ఎదిగిన కొడుకును మిత్రునివలె చూడవలెనని నీతివేత్తలు చెప్పియున్నారు. దశరథుని గుండెబరువు తీరినది దేహము విడిచిన పిమ్మటనే. మన ఇండ్లకు ఆ విమానము రాదు. కావున బ్రదికియుండగనే తండ్రి నోరు విప్పవలెను.

మణికొండకు చేరువనే చిలుకూరు బాలాజీ సన్నిధి కలదు. విదేశయానము కోరి అచట పదునొకండు ప్రదక్షిణములు చేయువారు పెక్కురు. దూరము పోవుటకు స్వామిని వేడుకొనువారు, ఒక సెలవునాడు తండ్రి చేయి పట్టుకొని, దగ్గరగుటకును ప్రదక్షిణము చేయుదురుగాక!