గ్రామ రేడియో కేంద్రము: తీగెల అమరిక, శబ్దపు మట్టము

2006లో కేంద్ర ప్రభుత్వము కమ్యూనిటీ రేడియో విధానమును విస్తరించి, స్వచ్ఛంద సంస్థలకును, కృషి విజ్ఞాన కేంద్రములకును రేడియో కేంద్రములు నెలకొల్పు అవకాశము కల్పించినది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు వద్ద మాచ్‌నూరులో సంఘం రేడియో ప్రారంభమై, గ్రామ మహిళలే కార్యక్రమములను తయారుచేసి ప్రసారము చేసినారు. మీ గ్రామములోను ఇట్టి కేంద్రమును నడుపు బాధ్యత మీపై పడవచ్చును.

మనిషి దగ్గర లేని వేళలందు కంప్యూటరే కార్యక్రమములను వరుసగా వేయుటను ఆటోమేషన్ అందురు. ఆ వేళ శబ్దము చెడినచో సరిదిద్దువారుండరు. తెల్లవారుజామున పిడుగుల హెచ్చరిక అస్పష్టముగా పోయినచో నష్టపడునది పొలములోని రైతే. కావున ఈ దిగువ విషయములను ముందుగనే సరిచూచుకొనవలెను.

1. రెండు విధములైన పరికరములు

ఇంటి వాడకపు పరికరముల నుండి సాధారణముగా 0.3 వోల్టు ప్రాంతములోను, స్టూడియో పరికరముల నుండి 1.23 వోల్టుల ప్రాంతములోను శబ్ద సంకేతము వచ్చును. అనగా సుమారు నాలుగు రెట్ల తేడా. దీనిని 12 డెసిబెల్‌లు అందురు. ఈ తేడాను మిక్సర్ మొదటి మీటనే సరిచేయవలెను. చివరన పెంచినచో మధ్యలో చేరిన రొద కూడ పెరుగును.

2. మాట మాయమగుట

కంప్యూటరుకు పెట్టు 3.5 మి.మీ. ప్లగ్గులో ఎడమ, కుడి, ఉమ్మడి అని మూడు తీగెలుండును. స్టూడియో బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లోను మూడే తీగెలు. కాని అందు రెండు తీగెలలో ఒకే శబ్దము ఎదురెదురు దిశలలో నడచును, మూడవది కవచము. మిక్సర్ ఆ రెండింటి తేడాను మాత్రమే గ్రహించును. ఎడమ, కుడి తీగెలను అట్టి కేబుల్‌కు కలిపినచో, రెండింటిలో సమానముగానున్న మాట కొట్టివేయబడును. పాటలో వాద్యములు వినబడి గొంతు వినబడకున్నచో ఇదే కారణమని అనుమానించవలెను. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ గల సౌండ్ కార్డునుగాని, మధ్యన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెనుగాని వాడుట మంచిది.

3. గుంయిమను రొద

ఎడతెగని గుంయిమను రొద కరెంటు తీగెల నుండి వచ్చును. పరికరములన్నింటికి ఒకే బోర్డు నుండి కరెంటు ఇవ్వవలెను. శబ్దపు తీగెలను కరెంటు తీగెల ప్రక్కన పరువరాదు. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటించవలెను. రొద పోవునని కరెంటు ప్లగ్గు ఎర్త్ తీగెను ఎన్నడును తొలగింపరాదు. అది ప్రాణాపాయము.

4. మట్టము కట్టు విధము

కాలువ నీరు తక్కువైనచో చివరి పొలమునకు అందదు. ఎక్కువైనచో గట్టు తెగును. శబ్దమును అట్లే మొదటి నుండి చివరకు వరుసగా సరిచేయవలెను.

(అ) కంప్యూటరు వాల్యూమును ఒకచోట స్థిరపరచి, దాని హెచ్చరిక చప్పుళ్లను ఆపివేయుడు.

(ఆ) గరిష్ఠ మట్టమునకు 20 డెసిబెల్‌లు తక్కువగా 1000 హెర్ట్జ్ స్వరమును వేయుడు. ఈ ఖాళీ మాటలోని ఆకస్మిక హెచ్చులకు అవసరము.

(ఇ) మిక్సర్ ఫేడర్‌ను సున్నా గుర్తు వద్ద నుంచి, మొదటి మీటతో మీటరును సున్నాకు తెండు.

(ఈ) తరువాతి పరికరములను ఇదే స్వరముతో సరిచూడుడు. ట్రాన్స్‌మిటర్ వద్ద సర్దుబాటును అర్హతగల ఇంజనీరుచే చేయించుడు.

(ఉ) ప్రతి మీట స్థానమును పుస్తకములో వ్రాసి, పరికరముపై గుర్తు పెట్టుడు.

పొలములో రికార్డు చేసిన సంభాషణలు కొన్ని మెల్లగా, కొన్ని గట్టిగా ఉండును. వాటిని కంప్యూటరులో చేర్చుటకు ముందే సమానము చేయవలెను.

5. తుది పరీక్ష

ఒక రాత్రి అంతయు ఎవరును తాకకుండ కార్యక్రమములను నడిపి, బయటి రేడియో నుండి రికార్డు చేసి ఉదయము వినవలెను. కొన్ని క్షణములు నిశ్శబ్దము ఏర్పడినచో ఫోనుకు కబురు వచ్చు ఏర్పాటు కూడ చేసికొనవలెను. స్టూడియోలోని పెద్ద స్పీకరును మాత్రమే నమ్మక, చిన్న రేడియోను పొలము గట్టుకు తీసికొనిపోయి వినుడు. అక్కడ ప్రతి మాట తెలియుచున్నచో మీ అమరిక సరియైనదని గ్రహింపుడు.