జీతం రాని పనులు

మా మేనకోడలు హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగమే చేస్తోంది. నలభై దాటింది. మొన్న ఫోన్‌లో, "మావయ్యా, ఆఫీసు పనీ ఇంటి పనీ పోగా నాదంటూ ఏమీ మిగలట్లేదు. నువ్వు మాత్రం ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గిలుక్కుంటూ సరదాగా ఉంటావు. ఆ కిటుకేదో రాసి పంపు" అంది. కిటుకులు తెలిసినవాణ్ణి కాను. రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు సార్టింగు చేసి, రిటైరై, రాజమండ్రిలో కూర్చున్నవాణ్ణి. చేసి చూసినవీ, చేసేవాళ్ళని చూసినవీ రాస్తున్నాను. నచ్చనివి దాటేసుకుంటూ పో, అమ్మాయ్.

1. డబ్బులు రాని పని ఒకటి పెట్టుకో.

వయసొచ్చాక ఏ పని మొదలెట్టినా "దీనివల్ల ఏంటి?" అన్న ప్రశ్న ముందొచ్చి కూర్చుంటుంది. నడిస్తే షుగరు తగ్గాలి. పుస్తకం చదివితే జ్ఞానం పెరగాలి. కుండీలో మొక్క నాటితే కూరలోకి రావాలి. గుజ్జనగూళ్ళు ఆడుకునే పిల్లల్ని ఈ ప్రశ్న ఎవరూ అడగరు కాబట్టే వాళ్ళు అంతసేపు ఆడగలరు.

నేను పాత శుభలేఖల అట్టలతో చిన్న చిన్న పెట్టెలు చేస్తాను. జిగురు లేకుండా, మడతలతోనే నిలబడాలి. పక్కింటాయన ఒకరోజు వాటిని తిప్పి తిప్పి చూసి, "ఆన్‌లైన్‌లో పెట్టండి మాస్టారూ, ఎగబడి కొంటారు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ అమ్మడం మొదలుపెడితే వాళ్ళడిగిన రంగు, వాళ్ళడిగిన సైజు, వాళ్ళు చెప్పిన తారీఖు. అది నేను ఉద్యోగమన్న పేరుతో ముప్ఫై ఏళ్ళు పైగా చేశాను. చాలు.

2. ఉద్యోగాన్ని ఊరికే ఆడిపోసుకోకు.

"ఈ ఉద్యోగం వల్లే నాలో ఉన్న కళ చచ్చిపోయింది" అనేవాళ్ళని చాలామందిని చూశాను. కొందరి విషయంలో నిజమే. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చినవాడికి బొమ్మలు గియ్యమని చెప్పడం అన్యాయం. మిగతావాళ్ళకి మాత్రం మా డిపార్ట్‌మెంటు మనిషి సంగతే చెబుతాను.

కవరు మీద ఆరంకెల పిన్‌కోడు రాస్తాం కదా. అది 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపొందించినాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్, తపాలా శాఖలో పెద్ద అధికారి. దేశాన్ని అంకెలుగా విడగొట్టిన ఈయన సంస్కృతంలో కవి, నాటకకర్త కూడా. బోలెడు పుస్తకాలు రాశారు. మా సార్టింగు గళ్ళ ముందు నిలబడి 5తో మొదలయ్యే కోడు చూసినప్పుడల్లా, ఈ లెక్క వేసిన చెయ్యే శ్లోకాలూ రాసిందని గుర్తొచ్చి నాకు సరదాగా ఉండేది. మన దగ్గర చూసుకున్నా, రావిశాస్త్రిగారు విశాఖలో వకీలు. కోర్టుకి వెళ్ళకపోతే ఆ సారా కేసుల మనుషులు ఆయన కథల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చేవాళ్ళు? కాళీపట్నం రామారావుగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. శ్రీకాకుళంలో కథానిలయం పెట్టింది 1997లో, డెబ్బై దాటాక. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచాలన్న పని అది. ఇది చదివి నీకింకా ముప్ఫై ఏళ్ళు టైముందని వాయిదా వేస్తావేమో, ఆయన కథలు మాత్రం ఉద్యోగంలో ఉండగానే రాశారు.

నేను అంతటివాణ్ణి కాను. మా ఆట చిన్నది. కదిలే రైల్లో, మెయిల్ వ్యాన్‌లో, రాత్రంతా కవర్లు గళ్ళలో వేసేవాళ్ళం. పిన్‌కోడు ఉన్నది చకచకా పోయేది. అది రాయనివాళ్ళ కవరు దొరికితే మాకు పండగ. ఈ వెంకటాపురం ఏ వెంకటాపురం? ఈ కొత్తపేట ఎవరి కొత్తపేట? అక్షరం గొలుసుకట్టులో ఉంటే ముసలి కరణంగారి చెయ్యనీ, గుండ్రంగా ఉంటే కొత్తగా కాలేజీలో చేరిన పిల్లదనీ పందేలు వేసుకునేవాళ్ళం. ఎవరు గెలిచారో తేలే పందెం కాదు. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

3. చెయ్యి కదలాలి.

దీని మీద నాకు చెప్పాల్సింది ఎక్కువుంది.

రిటైరయ్యాక వచ్చిన మొదటి ధనుర్మాసంలో మా ఆవిడకి మోకాలు పట్టేసింది. వాకిట్లో ముగ్గు ఎవరు వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. నేను వేస్తానన్నాను. ఆవిడ నవ్వింది. ఎదురింటి పిన్నిగారైతే, పాలు కాగుతున్నాయన్న సంగతి మర్చిపోయి గుమ్మంలో నిలబడి మరీ చూశారు.

ముగ్గు వేలి పని. పిండిని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి జార్చాలి. గట్టిగా పట్టుకుంటే ధార ఆగిపోతుంది, వదిలేస్తే కుప్ప పడుతుంది. కిటుకంతా చెయ్యి కదిలే వేగంలోనే ఉంది. ముగ్గురాయి పిండి బరువుగా దిగుతుంది, వెయ్యడం తేలిక. బియ్యప్పిండి గాలికి లేస్తుంది, కానీ చీమలు తింటాయి. మా ఆవిడ రెండూ కలిపి వాడేది. నేల తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే వెయ్యాలి. ఇవేవీ పుస్తకంలో చదివితే వచ్చేవి కావు.

ఇక చుక్కలు. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు" అని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను, దాని అర్థం అప్పుడే తెలిసింది. మధ్యలో పదిహేను పెట్టి, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ సందుల్లో పెడితే ఆరు పక్కలూ సమానమైన ఆకారం వస్తుంది. అన్నీ కలిపితే 169 చుక్కలు. అదే పదిహేనుని ఎదురు చుక్కలుగా పెట్టి, రెండేసి తగ్గిస్తూ ఒకటి వచ్చేవరకు వెళితే మూలగా నిలబడ్డ చతురస్రం. మొత్తం 113. మెలికల ముగ్గైతే గీత ఏ చుక్కనీ తాకకూడదు, అన్నిటినీ చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి 1974లో ఈ ముగ్గుల అల్లికకి గణితంలో వ్యాకరణం కట్టారు. కంప్యూటర్ సైన్సు వాళ్ళు దాన్ని ఇప్పటికీ చదువుతారు. మన అమ్మమ్మలు మాత్రం చీకటితో లేచి, చన్నీళ్ళు చల్లిన నేల మీద, నోట్లో లెక్క పెట్టుకుంటూ పని కానిచ్చేసేవాళ్ళు.

నా మెలికలు ఇవాళ్టికీ ఒక మూల తేలిపోతాయి. పిన్నిగారు రోజూ వచ్చి ఎక్కడ తప్పిందో చెప్పి వెళతారు. ఆ మూల బాగుపడకపోయినా నాకేం దిగుల్లేదు. తొమ్మిదయ్యేసరికి స్కూటర్లు తొక్కేస్తాయి, మర్నాడు మళ్ళీ ఖాళీ వాకిలి. చెరిగిపోయే పని కాబట్టే చెయ్యి బెదరదు. నువ్వు బొమ్మలు గియ్యడం మొదలుపెట్టి మానేశానన్నావు కదా. ఖరీదైన కాగితం మీద మొదలుపెట్టి ఉంటావు.

4. కొనుక్కోవడంతో మొదలుపెట్టకు.

రంగుల డబ్బాలు, కుంచెలు, కుట్టుపని కిట్లు, కొత్త గిటారు. కొన్నరోజు ఉండే హుషారే హుషారు. ఇంట్లో ఉన్నదానితో పదిరోజులు గడిపి, ఆ తర్వాత కూడా చేతులు దురద పెడితే అప్పుడు కొను.

5. హద్దు గీసుకో.

"ఏదైనా కొత్తగా ఆలోచించు" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "ఈ నాలుగు మాటలూ వచ్చేలా చెప్పు" అంటే బుర్ర పరిగెడుతుంది. మన అవధానుల విద్య దీని మీదే నిలబడింది. దత్తపదిలో నాలుగు పదాలిచ్చి, వాటికి సంబంధం లేని విషయం మీద పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో కవి అక్షరం వేస్తూంటే, తర్వాత ఫలానాది వాడొద్దని అడ్డుపడతారు. సమస్యాపూరణంలో చివరి పాదం తలకిందులుగా ఇచ్చి నిలబెట్టమంటారు. ఎంత ఇరుకున పెడితే అంత ముచ్చటగా వస్తుంది పద్యం.

పద్యాలు రాకపోయినా మా ఇంట్లో దత్తపది ఆడతాం. రాత్రి భోజనాల దగ్గర నలుగురూ తలో మాట ఇవ్వాలి, ఒకరు కథ అల్లాలి. ఆమధ్య సెలవలకి వచ్చిన మనవడు "వైఫై" ఇచ్చాడు. వాళ్ళమ్మ "ఎల్ఐసీ" ఇచ్చింది. మా ఆవిడ "గోంగూర". నేను "పుష్కరాలు". వాళ్ళ నాన్న చేతికి పెరుగు ఆరిపోయేదాకా కథ చెప్పాడు. గోంగూర కట్టకి పాలసీ తీసుకున్న రైతూ, పుష్కర ఘాట్‌లో వైఫై దొరక్క ప్రీమియం కట్టలేకపోయిన వాడి కొడుకూ అందులో పాత్రలు. ఆఫీసు మీటింగుల్లో తప్ప నోరెత్తని మనిషి అతను.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు ఉండనే ఉంది. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు పత్రికలకి గళ్ళు కూర్చి పాఠకుల చేత జుట్టు పీక్కునేలా చేశారు. నింపడం విసుగనిపిస్తే నువ్వే ఒకటి తయారుచెయ్యి. నింపడంకన్నా కూర్చడంలో మజా ఎక్కువ.

6. చూడ్డం కూడా పనే.

ఊరి బయట తాటిచెట్ల మట్టలకి వేలాడే గిజిగాడి గూళ్ళు చూసే ఉంటావు. వానాకాలంలో ఓ గంట వాటి కింద నిలబడు. కట్టేది మగపిట్ట. గడ్డిపోచలు చీల్చి తెచ్చి, ముక్కుతో ముడులు వేసి, గూడు సగానికి రాగానే ఆపేస్తుంది. రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. అవి వచ్చి లోపల తిరిగి పరీక్ష చేస్తాయి. నచ్చితేనే మిగతా సగం, ఆ పొడుగాటి గొట్టం, పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలోనే వేలాడుతుంది.

పక్షుల శాస్త్రవేత్త సలీం అలీకి 1930లో బొంబాయి మ్యూజియంలో ఉన్న ఉద్యోగం పోయింది. నిధులు లేవన్నారు. వేరే పని దొరక్క భార్యతో కిహీం అనే సముద్రతీరపు పల్లెకి వెళ్ళి, అక్కడ గిజిగాళ్ళని చూస్తూ కూర్చున్నారు. ఒక మగపిట్ట ఒక గూడు కాగానే ఇంకోటి మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టకి ఇస్తుందని బయటపెట్టింది ఆ తీరిక రోజుల్లోనే. నేను చూసి కనిపెట్టినదేమీ లేదు. నాకు మెడనొప్పి వచ్చింది, సాయంత్రం బాగా గడిచింది.

7. వంటని కళ అనేముందు వండేవాళ్ళని అడుగు.

ఈ పాఠం మా ఆవిడది. "వంటలో ఎంత సృజన ఉంది!" అని నేనోసారి పుస్తకం చదివి అంటే, "మూడు పూటలా తప్పనిసరిగా చేసేవాళ్ళకి అది డ్యూటీ అండీ. వారానికోసారి సరదాకి చేసేవాళ్ళకి కళ" అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు. కాబట్టి నువ్వు వంటలో ఆనందం వెతుక్కోవాలంటే ముందు నీ డ్యూటీలో కొంత మీ ఆయనకి అప్పజెప్పు.

అదయ్యాక కూడా సరదా ఉంటే పనసపొట్టు కూర చెయ్యి. లేత పనసకాయని పొట్టుగా కొట్టడం ఒక విద్య. కత్తికీ చేతికీ నూనె రాసుకోకపోతే పాలు అంటుకుని ఓ పట్టాన వదలవు. మా వైపు బజార్లో కొట్టి అమ్మేవాళ్ళున్నారు, ఆ కత్తి వేగం చూడ్డానికే నిలబడొచ్చు. పొట్టు ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు పులుసు వేసి, పోపులో జీడిపప్పు వేసి, దింపాక ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది.

8. ఫోటో తరవాత.

తీసుకోవద్దని అనను. తిన్నాక తీసుకో.

9. అన్నీ అన్ని రోజుల్లో దొరకనివ్వకు.

ఇప్పుడు ఫోన్ నొక్కితే ఏ నెలలో ఏదైనా గుమ్మంలోకి వస్తుంది. మంచిదే, జ్వరమొచ్చినప్పుడు నేనూ నొక్కుతాను. కానీ సరదాలో సగం ఎదురుచూడ్డంలో ఉంది. ఎండాకాలంలో మల్లెలూ తాటిముంజలూ. గోదారికి ఎర్రనీళ్ళు తగిలాక పులస. మేం తినం గానీ, దాని ధర గురించి ఊరంతా మాట్లాడుకోవడం వింటే చాలు. చలి మొదలవుతూంటే సీతాఫలాలు, సంక్రాంతికి రేగుపళ్ళు. గోడ మీద క్యాలెండర్లో వీటిని పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటాను. సెలవురోజులు ఎర్రగా అచ్చేసి ఉంటాయి, ఇవి మనమే రాసుకోవాలి.

అన్నిటికన్నా నాకు తేగలు ఇష్టం. పండిన తాటిపళ్ళు తిన్నాక టెంకలు పారెయ్యకుండా పాతర వేస్తారు. అవి మొలిచి, కిందకి దిగిన మొలక లావెక్కి, కార్తీకం దాటాక తవ్వితే తేగ. టెంక పగలగొడితే బుర్రగుంజు. కాల్చిన తేగని గబగబా తినడం కుదరదు. పైపొర వలవాలి, నిలువునా చీల్చాలి, లోపలి మొలక తీసెయ్యాలి, పీచు తీస్తూ నమలాలి. రెండు చేతులూ దానికే అంకితం. ఫోన్ పట్టుకునే వీలుండదు. ఈసారి సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రా. కట్టలు కట్టి రోడ్డు పక్కన అమ్ముతూంటారు, బేరం మాత్రం నువ్వే చెయ్యాలి. నేనెళితే వాళ్ళు చెప్పిన ధరకే తెచ్చేస్తానని మీ అత్తయ్య నా చేతికి సంచీ ఇవ్వడం మానేసింది.